కోనసీమలో దిండి ఊరి పక్కన అరెకరం: టూరిస్టులకు గదులా, కొబ్బరి తోటా?

సంక్రాంతికి వచ్చిన ప్రతి చుట్టమూ ఇదే అడుగుతాడు: "ఆ చెట్లు కొట్టేసి గదులు కట్టొచ్చు కదరా?"

ఖర్చు: గదులకు ముందే లక్షలు, అదీ ఎక్కువగా అప్పు. ఉన్న తోటకు ఎరువు, దింపు (కాయలు దించే) కూలి, ఒలుపు (పీచు తీసే) కూలి.

రాబడి: గదులు సంక్రాంతికి, కనుమనాటి ప్రభల తీర్థానికి, అంతర్వేది కల్యాణానికి నిండుతాయి, జులై నుంచి గోదావరికి వరద ఎర్రనీళ్లు వచ్చి పడవలు ఆపేస్తే మాత్రం వడ్డీకి సరిపడా కూడా ఎవరూ దిగరు. కొబ్బరి రెండు నెలలకోసారి దింపు ఇస్తుంది, ధర పడితే గిట్టదు గానీ అంతరపంటగా అరటి, కోకో ఉంటే కాస్త ఊపిరి.

శ్రమ: తోటకు దింపువాళ్లు దొరకడమే టెన్షన్. గదులకు రాత్రి పదకొండింటికి వరదల్లోనే దొరికే పులస చేప కావాలనేవాళ్లు (అదీ ఏప్రిల్‌లో!).

రిస్కు: తుపాను రెండిటికీ శత్రువే. 1996 నవంబరులో కూలిన తోటల గురించి మా ఇంట్లో ఇంకా చెప్పుకుంటారు, కొత్త మొక్క కాపుకు రావాలంటే ఐదారేళ్లు పట్టింది మరి. 2020లో లాక్‌డౌన్ వస్తే గదులకు తాళం పడింది, చెట్టు కాపు ఆగలేదు.

ఇంట్లో జీతం వచ్చే మనిషి ఉండి, రోడ్డు పక్క స్థలమైతే, అప్పు లేకుండా రెండు గదులు వేసుకోండి. వరదకు మునిగే లంకభూమైతే (ఏటి మధ్య దిబ్బ), తోటే.