ట్రినిడాడ్‌లో స్టీల్ పాన్ నేర్పే ప్యాకేజీ: డబ్బు కట్టేముందు ఇది చదవండి

నిన్న రాత్రే ఇంటికి చేరాం. సూట్‌కేసులు ఇంకా విప్పలేదు, కానీ ఇది రాయకుండా పడుకోలేను. కరీబియన్ దీవి ట్రినిడాడ్ వెళ్ళే ఆలోచన ఉన్న మన వాళ్ళందరికీ ముందు ఒక్క మాట. స్టీల్ పాన్ అంటే నూనె పీపా అడుగుతో చేసి, కర్రలతో వాయించే అక్కడి వాయిద్యం. "స్థానిక యువ కళాకారులతో స్టీల్ పాన్ నేర్చుకోండి, మీరు కట్టే డబ్బు వాళ్ళ చదువుకి వెళ్తుంది" అని అక్కడి రాజధాని పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో క్లాసులు అమ్ముతున్న ఆ మనిషికి ఒక్క డాలర్ కూడా కట్టకండి. కార్డు కంపెనీలో నా ఫిర్యాదు ఇంకా నడుస్తోంది కాబట్టి పేరు రాయడం లేదు. సముద్రం ఒడ్డున నలుగురు పిల్లలు పాన్‌లు పట్టుకుని నవ్వుతున్న ఫోటో చూసినవాళ్ళకి ఎవరి గురించి చెప్తున్నానో ఇప్పటికే అర్థమై ఉంటుంది. ఆ లింకు మన తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో బాగా తిరిగింది.

సంగతి క్లుప్తంగా చెప్తాను. మా అమ్మాయి కర్ణాటక సంగీతం నేర్చుకుంటోంది, ఎక్కడో స్టీల్ పాన్ విన్నప్పటి నుంచి దాని మీద మనసు పడింది. కార్నివాల్ పండుగ ముందు వారం వెళ్తే స్టీల్ పాన్ బ్యాండుల పనోరమ పోటీలు కూడా చూడొచ్చని స్కూలుకి సెలవు పెట్టించి బయల్దేరాం. ఇద్దరికీ కలిపి 640 డాలర్లు క్లాసులకి, తిరిగొచ్చేటప్పుడు తెచ్చుకోవడానికి ట్యూన్ చేసిన టెనర్ పాన్ (పై స్థాయిలో పాట వాయించే రకం) కోసం ఇంకో 300 అడ్వాన్స్. సగం కార్డు మీద తీసుకున్నాడు. మిగతా సగం యాప్‌లో, స్నేహితులకి పంపే పద్ధతిలో పంపమన్నాడు. ఒక బ్యాండు సాధన చేసే ఆవరణలో, అంటే వాళ్ళ పాన్ యార్డులోనే క్లాసులు, రోజూ ఉదయం, నేర్పేది ఆ బ్యాండు పిల్లలే అని రాతపూర్వకంగా ఇచ్చాడు. మెసేజీలన్నీ నా దగ్గర ఉన్నాయి.

తీరా వెళ్తే యార్డూ లేదు, బ్యాండూ లేదు. వుడ్‌బ్రూక్ అనే పేటలో ఒక గెస్ట్‌హౌస్ వెనక కార్ షెడ్డు. అందులో పాత పాన్‌లు నాలుగు, ఒకదాని మీద క్రోమ్ పూత లేచిపోయి తుప్పు కనిపిస్తోంది. "పోటీల సీజన్ కదా మేడమ్, యార్డు బిజీ" అన్నాడు. అది నిజమే కావచ్చు, కానీ సీజన్ ఎప్పుడన్నది డబ్బు తీసుకునే రోజున కూడా అతనికి తెలుసు.

పిల్లలు మాత్రం నిజం. ఇది గట్టిగా చెప్పాలి. నేర్పడానికి వచ్చిన అమ్మాయికి పందొమ్మిదేళ్ళు ఉంటాయి, కాలేజీలో చేరింది. తోడుగా వాళ్ళ పెదనాన్న కొడుకు. ఇద్దరూ అర్ధరాత్రి దాటేదాకా తమ బ్యాండు ప్రాక్టీసులో నిలబడి, పొద్దున్నే మ్యాక్సీ టాక్సీ (అందరూ ఎక్కే వ్యాను) పట్టుకుని ఊరి తూర్పు వైపు నుంచి వచ్చేవాళ్ళు. కళ్ళు ఎర్రగా ఉండేవి. అయినా ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

ఆ అమ్మాయి నేర్పిన తీరు నేను మర్చిపోలేను. కాగితం లేదు, నొటేషన్ లేదు. ఒక ముక్క వాయించి చూపిస్తుంది, మనం వాయించాలి, వచ్చాక తర్వాతి ముక్క. మన గురువుల దగ్గర కూర్చుని చెప్పించుకున్నట్టే, విని పట్టుకోవడమే. టెనర్ పాన్ మీద స్వరాలు హార్మోనియం మెట్లలా వరుసగా ఉండవు. గుండ్రంగా, ఐదో స్వరం చొప్పున అమర్చి ఉంటాయి. స కి ఒక పక్క ప, ఇంకో పక్క మ. బయటి వరుసలో కింది స్థాయి, లోపలి వరుసలో అదే స్వరం పై స్థాయి. మా అమ్మాయి మొదటి రోజు సరళీ వరుస వాయించబోయి రి ఎక్కడుందో దొరక్క తికమక పడితే, ఆ పిల్ల దాని మణికట్టు పట్టుకుని, "స్వరాన్ని కొట్టకు, దాని మీద పడి వెంటనే లేచిపో" అని చూపించింది. కర్ర చివరన రబ్బరు ఉంటుంది. గట్టిగా కొడితే శబ్దం పగిలిపోతుంది, ఒకే చోట అలా కొడుతూ ఉంటే శ్రుతి కూడా చెడుతుంది. స్వరాన్ని సాగదీయాలంటే రెండు కర్రలతో గబగబా మీటుతూ ఉండాలి. నాలుగో క్లాసుకి మా అమ్మాయి చేతుల్లో ఆ సాగదీత వచ్చింది. దాని మొహం చూడాల్సింది.

ఇక అసలు విషయం. చివరి క్లాసు రోజు ప్యాకేజీ అమ్మిన ఆ మనిషి వచ్చాడు, అంతకుముందు రోజుల్లో అతను కనిపించిందే తక్కువ. మా అమ్మాయి నేర్చుకున్న పాటని మొదటి నుంచి వాయిస్తోంది, నేర్పే అమ్మాయి అన్నయ్య పక్కన ఇనుప ముక్క మీద తాళం వేస్తున్నాడు. ఆ నేర్పే అమ్మాయి షెడ్డు తలుపు దగ్గరికి వెళ్ళి అతన్ని ఏదో నెమ్మదిగా అడిగింది. నాకు వినపడింది డబ్బు అన్న మాట ఒక్కటే. అతను గొంతు తగ్గించలేదు. అందరికీ వినపడేలా, "టూరిస్టుల ముందు వాయించే అవకాశం ఇచ్చాను. నీలాంటి వాళ్ళు వందమంది వస్తారు. అదే నీ జీతం" అన్నాడు. ఆ పిల్ల తల దించుకుంది.

నేను లేచి అడిగాను. మీ ప్రకటనలో మా డబ్బు వీళ్ళ చదువుకి వెళ్తుందని రాశారు కదా, ఇప్పటిదాకా వీళ్ళకి ఎంత ఇచ్చారు అని. గట్టిగా అరవలేదు. మామూలుగానే అడిగాను. అతను నాకు జవాబు చెప్పలేదు. సరాసరి మా అమ్మాయి దగ్గరికి వెళ్ళి, పాట మధ్యలో దాని చేతుల్లోంచి రెండు కర్రలూ లాగేసుకున్నాడు. "టైమ్ అయిపోయింది" అన్నాడు. ఇంకా ఇరవై నిమిషాలు ఉంది. పదమూడేళ్ళ పిల్ల, చేతులు గాల్లో అలాగే ఉండిపోయాయి. తర్వాత నా వైపు తిరిగి, "మీరు సెలవుల్ని కొనుక్కున్నారు మేడమ్, నా లెక్కల్ని కాదు" అన్నాడు. పాన్ అడ్వాన్స్ సంగతి అడిగితే, ఇంత గొడవ పెట్టే కస్టమర్‌కి పాన్ ఇవ్వను, అడ్వాన్స్ తిరిగి రాదు అని షట్టర్ దించేశాడు. ఆ పిల్లలిద్దరూ కూడా మాతో పాటే బయట నిలబడ్డారు.

రోడ్డు మీద ఆ అమ్మాయి నాకు సారీ చెప్పింది. తప్పు చేసినవాడు షట్టర్ వెనక ఉంటే, మోసపోయిన పిల్ల నాకు సారీ చెప్పడం! కార్నివాల్ వారం మొదలైనప్పటి నుంచి వాళ్ళిద్దరికీ ఇచ్చింది ఒక రోజు బస్సు ఖర్చులు మాత్రమే అని అప్పుడు తెలిసింది. నా చేతిలో ఉన్న ట్రినిడాడ్ డాలర్లు ఇవ్వబోతే తీసుకోలేదు. బలవంతంగా అన్నయ్య జేబులో పెట్టాను.

నాకు కోపం అంత ఎందుకో చెప్పాలి, 940 డాలర్ల కోసం కాదు. ఆ వాయిద్యం ఎవరిదో తెలిస్తే మీకూ అర్థమవుతుంది. 1880ల్లో బ్రిటిష్ పాలకులు అక్కడి నల్లజాతి వాళ్ళ డప్పుల మీద ఆంక్షలు పెట్టారు. జనం వెదురు బొంగుల్ని నేలకేసి కొట్టి తాళం వేసుకున్నారు. 1930ల నాటికి బిస్కెట్ డబ్బాలు, పెయింట్ డబ్బాలు, చెత్తడబ్బా మూతలు వాయించడం మొదలైంది, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత 55 గ్యాలన్ల నూనె పీపాలు వచ్చాయి. పీపా అడుగుని సుత్తితో లోపలికి సాగగొట్టి, గీతలు గీసి, నిప్పుల మీద కాల్చి, ఒక్కో స్వరాన్నీ చెవితో శ్రుతి చేశారు. ఎలీ మానెట్, విన్‌స్టన్ స్ప్రీ సైమన్, ఆంథొనీ విలియమ్స్ లాంటి ఆనాటి కుర్రాళ్ళు పేదవాడల్లో చేసిన పని అది. అప్పట్లో పాన్ వాయించేవాడంటే రౌడీ అనేవాళ్ళు, పోలీసులు తరిమేవాళ్ళు, మంచి ఇళ్ళలో పిల్లల్ని యార్డు వైపు వెళ్ళనిచ్చేవాళ్ళు కాదు. ఆ ముగ్గురూ 1951లో టాస్పో అనే స్టీల్ పాన్ బృందంతో లండన్ వెళ్ళి వాయించి వచ్చాకే దేశం వాళ్ళ వైపు తిరిగి చూసింది. 1992లో అది జాతీయ వాయిద్యం అయింది. 2023లో ఐక్యరాజ్యసమితి ఆగస్టు 11ని ప్రపంచ స్టీల్ పాన్ దినంగా ప్రకటించింది. డబ్బులేని కుర్రాళ్ళు చేతులు కాల్చుకుని పుట్టించిన దాన్ని, ఈ రోజు వాళ్ళ మనవల తరం పిల్లల ఫోటో పెట్టి, వాళ్ళకి రూపాయి ఇవ్వకుండా అమ్ముకుంటున్నాడు. నాకు మండేది అక్కడ.

మనకి కూడా ఆ దేశంతో సంబంధం ఉంది. 1845 నుంచి 1917 దాకా కూలీ ఓడల్లో మన దేశం నుంచి ట్రినిడాడ్ వెళ్ళినవాళ్ళలో ఎక్కువమంది కలకత్తా రేవు నుంచి వెళ్ళినా, మద్రాసు నుంచి వెళ్ళినవాళ్ళూ ఉన్నారు, వాళ్ళలో తెలుగువాళ్ళు కూడా. ఆ కూలీల వంశంలో పుట్టిన జిత్ సమరూ రెనిగేడ్స్ బ్యాండుకి పాటలు కూర్చి 1982, 1997 మధ్య తొమ్మిదిసార్లు పనోరమ గెలిపించాడు. ఈ సంగతి నాకు చెప్పింది ఆ అమ్మాయే. ఆయన మీవాడే అని ఎంత గర్వంగా చెప్పిందో.

మర్నాడు రాత్రి ఆ అమ్మాయే మమ్మల్ని తన సొంత యార్డుకి తీసుకెళ్ళింది. టికెట్ లేదు, ఎవరూ ఆపలేదు. వందమందికి పైగా వాయిస్తున్నారు, పెద్ద బ్యాండుల్లో 120 మంది దాకా ఉంటారట. ముందు టెనర్లు, వెనక సెకండ్లు, గిటార్లు, చెల్లోలు, ఇవన్నీ పాన్‌లలో రకాలే, ఒక్కో మనిషి చుట్టూ ఆరు నుంచి పన్నెండు పీపాల బేస్. మధ్యలో బండి చక్రాల బ్రేక్ డ్రమ్ముల మీద ఇనుప కడ్డీలతో తాళం, దాన్ని వాళ్ళు ఇంజిన్ రూమ్ అంటారు. నడిపేవాళ్ళు ఒకే ముక్కని పదే పదే వాయింపిస్తున్నారు, ఎనిమిదేళ్ళ పిల్లాడి నుంచి అరవై దాటిన తాత దాకా ఒక్కరూ కదలట్లేదు. బేస్ దగ్గర నిలబడితే ఆ శబ్దం ఛాతీలోకి వస్తుంది. మా అమ్మాయి ఆపకుండా వింది. విరామంలో బ్యాండు కెప్టెన్ దాన్ని పిలిచి, ఖాళీగా ఉన్న ఒక టెనర్ ముందు నిలబెట్టి, నేర్చుకున్న పాట వాయించమన్నాడు. మధ్యలో ఆగిపోయిన పాట అక్కడ పూర్తయింది. ఆయన ఒక్క సెంటు అడగలేదు. పోటీలు అయిపోయాక రండి, మేమే నేర్పుతాం, యార్డు ఖాతాలో ఫీజు కట్టండి, రసీదు ఇస్తాం అన్నాడు.

ఈ రెండు చోట్ల మధ్య పెద్ద దూరం లేదు. అయినా ఆ ప్రకటన చూసి వెళ్ళే ఎవరికీ ఈ రెండో చోటు కనపడదు, అదే నా బాధ.

నేను మెసేజీలో డబ్బు వెనక్కి అడిగితే వచ్చిన జవాబు: రీఫండ్ లేదు, ఎక్కడైనా రాస్తే లాయర్‌తో మాట్లాడిస్తాను. మాట్లాడించనివ్వండి. నేను రాసిన ప్రతి మాటకీ నా దగ్గర మెసేజీ ఉంది. కార్డు మీద కట్టిన సగానికి ఫిర్యాదు తీసుకున్నారు. యాప్‌లో పంపింది మాత్రం రాదన్నారు, స్నేహితులకి పంపినట్టు చూపిస్తే వాళ్ళు వాపసు ఇప్పించలేరట. అందుకే అలా పంపమని అడిగాడని ఇప్పుడు తెలుస్తోంది.

వెళ్ళేవాళ్ళకి నాలుగు మాటలు. మధ్యవర్తిని పట్టుకోకండి. పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో డ్యూక్ స్ట్రీట్‌లో ఆల్ స్టార్స్, షార్లెట్ స్ట్రీట్‌లో రెనిగేడ్స్, హామిల్టన్ స్ట్రీట్‌లో ఫేజ్ టూ యార్డులు ఉన్నాయి. సీజన్‌లో రాత్రిపూట వెళ్ళి నిలబడి వినొచ్చు, ఎవరు నేర్పుతారో అక్కడే కెప్టెన్‌నో మేనేజర్‌నో అడగండి. క్రిస్మస్ తర్వాత నుంచి కార్నివాల్ దాకా వాళ్ళకి ఊపిరాడదు, కాబట్టి నేర్చుకోవడమే ముఖ్యం అయితే మిగతా నెలల్లో వెళ్ళండి. నేర్పే పిల్లలకి డబ్బు ఎవరు ఇస్తున్నారో, ఎంత ఇస్తున్నారో ముందే అడగండి, వాళ్ళ ముందే అడగండి. పాన్ కొనాలంటే శ్రుతి చేసినవాళ్ళ పేరు అడిగి, ఫోన్‌లో ట్యూనర్ యాప్ పెట్టి ఒక్కో స్వరం చూసుకుని, పాన్ చేతికి వచ్చాకే డబ్బు ఇవ్వండి. మంచి టెనర్ వెయ్యి డాలర్లు దాటుతుంది, మూడు వందలకి వస్తుందని ఎవరైనా అంటే నమ్మకండి.

ఇదే మనిషికి ఇప్పటికే డబ్బు కట్టినవాళ్ళు ఉంటే వెంటనే నాకు మెసేజ్ పెట్టండి. కార్డు కంపెనీకి ఏమేం పంపాలో నా దగ్గర సిద్ధంగా ఉంది. ఎక్కువమంది ఫిర్యాదు చేస్తే అతని ఖాతా మూసేసే అవకాశం ఉందని వాళ్ళే చెప్పారు.