శ్రీలంకన్ ఎయిర్‌లైన్స్: ఏళ్ల తరబడి ఎక్కాక నా అభిప్రాయం

మెల్‌బోర్న్ నుంచి హైదరాబాద్ రావాలంటే మా ఇంట్లో ముందు చూసేది శ్రీలంకన్ టికెట్టే. 2017 జులైలో కొలంబో నుంచి హైదరాబాద్‌కు, విశాఖకు సర్వీసులు వేశారు. అదే ఏడాది అక్టోబరు చివర్లో మెల్‌బోర్న్ సర్వీసు మొదలైంది. దాంతో కొలంబోలో ఒక్కసారి మారితే ఇంటికి చేరిపోతున్నాం. అంతకుముందు చెన్నై నుంచి కొలంబో వెళ్లేటప్పుడు ఎక్కేవాణ్ణి. ఇన్నాళ్లకు నాకు గట్టిగా అనిపించేది ఒకటే: విమానంలో పనిచేసేవాళ్లు ఆ సంస్థ పరువు నిలబెడుతుంటే, దాన్ని చేతుల్లో పెట్టుకున్న ప్రభుత్వాలు కుంగదీస్తూ వచ్చాయి.

దీని మూలం ఎయిర్ సిలోన్. 1947 డిసెంబరు 10న కొలంబో దగ్గరి రత్మలాన నుంచి, ఉత్తర లంకలోని కంకేసంతురై మీదుగా మద్రాసుకు తొలి విమానం వెళ్లింది. అది డగ్లస్ డీసీ-3, దాని పేరు సీతాదేవి. లంక నుంచి ఇటు వచ్చిన ఆ తొలి విమానానికి సీత పేరు పెట్టారని తెలిసినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది. అప్పటికి మద్రాసు మన ఆంధ్ర జిల్లాలకు కూడా రాజధానే. సొంతంగా దూరప్రయాణాలు నడిపే స్తోమత లేక ఎయిర్ సిలోన్ ఒక్కో కాలంలో ఒక్కో విదేశీ సంస్థతో జతకట్టింది: మొదట ఆస్ట్రేలియన్ నేషనల్ ఎయిర్‌వేస్, తర్వాత డచ్చి వాళ్ల కేఎల్ఎం, బ్రిటిష్ వాళ్ల బీఓఏసీ, ఫ్రెంచి వాళ్ల యూటీఏ. 1970ల చివరికి మూతపడింది.

లంక అధ్యక్షుడు జయవర్ధనే ప్రభుత్వం దాని స్థానంలో ఎయిర్ లంకను పెట్టింది. 1979 సెప్టెంబరు 1న సింగపూర్ ఎయిర్‌లైన్స్ దగ్గర లీజుకు తీసుకున్న రెండు బోయింగ్ 707లతో సర్వీసులు మొదలయ్యాయి. తర్వాత లాక్‌హీడ్ ట్రైస్టార్ విమానాలు వచ్చాయి. లంక అంతర్యుద్ధం ఈ సంస్థను వదల్లేదు. 1986 మే 3న కొలంబో విమానాశ్రయంలో మాల్దీవుల రాజధాని మాలే వెళ్లాల్సిన ట్రైస్టార్‌లో బాంబు పేలి 21 మంది చనిపోయారు. 2001 జులై 24 తెల్లవారుజామున కటునాయకెలోని అదే కొలంబో విమానాశ్రయం మీద ఎల్టీటీఈ దాడి చేసినప్పుడు సంస్థ విమానాల్లో దాదాపు సగం కాలిపోవడమో దెబ్బతినడమో జరిగింది. అంత దెబ్బ తిన్నాక మళ్లీ లేచి నిలబడ్డ సంస్థ అంటే నాకు గౌరవం.

అలా లేవగలిగిందంటే అప్పుడు నడిపిస్తున్నది ఎమిరేట్స్ కాబట్టే అని నేను నమ్ముతాను. 1998లో వాటా కొని పదేళ్ల పాటు నిర్వహణ తీసుకుంది. శ్రీలంకన్ అనే పేరు వచ్చింది ఆ రోజుల్లోనే. పాత ట్రైస్టార్లు పోయి ఎయిర్‌బస్ ఏ330లు వచ్చాయి. 2007 డిసెంబరులో లండన్ నుంచి తిరిగొచ్చే అధ్యక్షుడు మహింద రాజపక్స బృందం కోసం టికెట్లు కొన్న ప్రయాణికులను దించమంటే సంస్థ ఒప్పుకోలేదు. దాంతో సంస్థ సీఈఓ పీటర్ హిల్ వర్క్ వీసా రద్దయింది. 2008 మార్చితో ఎమిరేట్స్ నిర్వహణ ముగిసింది, 2010లో ప్రభుత్వం ఆ వాటాను తిరిగి కొనేసింది. నా దృష్టిలో ఈ సంస్థ చరిత్రలో అన్నిటికన్నా ఖరీదైన నిర్ణయం అది. తర్వాత నష్టాలు పేరుకుపోయి, అప్పులు బిలియన్ డాలర్లు దాటాయి. ఆర్డరిచ్చిన ఎయిర్‌బస్ ఏ350లను రద్దు చేసుకోవాల్సి వచ్చింది. ఆ ఎయిర్‌బస్ కొనుగోళ్లలో లంచాల వ్యవహారం 2020లో బ్రిటన్ కోర్టు దాకా వెళ్లింది.

ఇక ప్రయాణం సంగతి. నెమలి పింఛాల చీర కట్టుకుని, చేతులు జోడించి సింహళంలో 'ఆయుబోవన్' అనే పలకరింపు ఎన్నేళ్లయినా మారలేదు. పెద్దవాళ్ల విషయంలో ఆ సిబ్బంది చూపించే ఓర్పు నేను ఇంకెక్కడా చూడలేదు. ఇంగ్లిష్ రాని మా అమ్మకు సైగలతోనే అన్నీ కనుక్కుని, నిద్రపోతుంటే దుప్పటి కప్పి వెళ్లారు. భోజనంలో అన్నం, పరిప్పు అడగండి. పరిప్పు అంటే కొబ్బరిపాలు పోసి వండిన ఎర్ర కందిపప్పు, మన నోటికి ఇట్టే పడుతుంది. శాకాహారులు ముందే ఏషియన్ వెజిటేరియన్ మీల్ నమోదు చేసుకోవడం మంచిది. టీ చాలా బాగుంటుంది, రెండోసారి అడిగినా విసుక్కోరు. ఏ330లో ఎకానమీ సీట్లు రెండు-నాలుగు-రెండుగా ఉంటాయి కాబట్టి దంపతులకు కిటికీ పక్క రెండు సీట్లు హాయి.

సమయపాలన మాత్రం ఆ దేశం పరిస్థితిని బట్టి ఉంటుంది. 2022లో లంకలో ఇంధనం దొరక్క, కొలంబోలో బయల్దేరిన దూరప్రయాణ విమానాలు తిరువనంతపురం, చెన్నైలలో దిగి ఇంధనం నింపుకుని వెళ్లాయి. ఆ తర్వాత ఇంజన్ల కొరతతో కొన్ని విమానాలు నేల మీదే ఉండిపోయి, ఆలస్యాలు వార్తలకెక్కాయి. అందుకే కొలంబోలో గంటంబావు వ్యవధి ఉన్న కనెక్షన్ చౌకగా వచ్చినా నేను తీసుకోను, మూడు గంటలైనా ఉండేలా చూస్తాను. రెండు విమానాలూ ఒకే బుకింగ్‌లో ఉండాలి, విడివిడిగా కొంటే టెన్షన్ తప్పదు. 2014 మే నుంచి వన్‌వరల్డ్ అనే విమాన సంస్థల కూటమిలో ఉంది కాబట్టి, అందులోదే అయిన ఆస్ట్రేలియా సంస్థ క్వాంటాస్ పాయింట్లున్నవాళ్లకు అదో సౌలభ్యం.

అమ్మానాన్నలను ఒంటరిగా పంపేవాళ్లకు నిస్సంకోచంగా చెబుతాను, శ్రీలంకన్ ఎక్కించండి. పొద్దున దిగి మధ్యాహ్నం పెళ్లికి హాజరవ్వాల్సినవాళ్లు మాత్రం ఒక రోజు ముందు టికెట్ తీసుకోండి. 2024లో లంకలో వచ్చిన అధ్యక్షుడు దిసానాయకె ప్రభుత్వం సంస్థను అమ్మబోమని చెప్పేసింది. అమ్మకపోతే పోనీ, టికెట్ కొన్న ప్రయాణికుణ్ణి దించమని పైనుంచి ఎవరు చెప్పినా కాదనగల అధికారాన్ని నడిపేవాళ్లకు రాతపూర్వకంగా ఇవ్వాలి.