ఓడిన పార్టీ సభలో ఎటు ఓటేయాలి? వ్యతిరేకమా, అంశాలవారీ మద్దతా, తటస్థమా?

2023లో తెలంగాణలో బీఆర్‌ఎస్, 2024లో ఆంధ్రప్రదేశ్‌లో వైసీపీ, ఒడిశాలో బీజేడీ ఓడాయి. అప్పటి నుంచి చాలామంది నన్ను ఇదే ప్రశ్న అడుగుతున్నారు. అధికారం పోయి కొద్దిమంది సభ్యులే మిగిలిన పార్టీ ఓటింగ్ రోజున ఏం చేయాలి?

ముందు తటస్థం సంగతి చూద్దాం. అసలు చిక్కంతా అక్కడే ఉంది. ఓటేయకపోతే ఎవరి పక్షమూ కాదని అనుకుంటాం కానీ సభ లెక్క అలా ఉండదు. మామూలు బిల్లు గట్టెక్కడానికి హాజరై ఓటేసిన వారిలో మెజారిటీ చాలు. ప్రతిపక్షం నుంచి కొందరు లేచి వెళ్లిపోతే ప్రభుత్వానికి కావాల్సిన ఓట్లు ఆ మేరకు తగ్గుతాయి.

2012 డిసెంబర్ 5న ఏం జరిగిందో చూడండి. చిల్లర వర్తకంలో విదేశీ పెట్టుబడులు వద్దన్న తీర్మానానికి లోక్‌సభలో అనుకూలంగా 218, వ్యతిరేకంగా 253 ఓట్లు పడ్డాయి. ఆ విధానాన్ని సభలోనే తప్పుపట్టిన ఎస్పీ, బీఎస్పీ ఓటింగ్‌కు ముందు వాకౌట్ చేశాయి. ఎస్పీ బలం 22, బీఎస్పీ బలం 21. ఆ 43 మందీ ఉండి తీర్మానానికి ఓటేసి ఉంటే లెక్క 261కి చేరి, ప్రభుత్వం ఓడేది. వీటిలో బీఎస్పీ ఆ ఏడాదే ఉత్తరప్రదేశ్‌లో అధికారం పోగొట్టుకుంది. రెండు రోజుల తర్వాత రాజ్యసభలో ఏకంగా ప్రభుత్వానికే ఓటేసింది.

ఫలితం మారని చోట కూడా తటస్థం ఖరీదైనదే. 2013 మార్చిలో కిరణ్ కుమార్ రెడ్డి ప్రభుత్వంపై టీఆర్‌ఎస్ అవిశ్వాసం పెడితే అనుకూలం 58, వ్యతిరేకం 142, తటస్థం 64. తటస్థంగా ఉన్నది టీడీపీ. ఆ 64 కలిసినా తీర్మానం నెగ్గేది కాదు. అయినా ప్రభుత్వాన్ని కాపాడారన్న మాట పడాల్సి వచ్చింది. 2011లో ఇదే ప్రభుత్వంపై తానే అవిశ్వాసం పెట్టిన పార్టీకి అది చాలా ఇబ్బందికరమైన నింద.

అన్నిటికీ వ్యతిరేకంగా ఓటేయడంలో కనీసం స్పష్టత ఉంది. కార్యకర్తకు అర్థమవుతుంది. కానీ రాష్ట్రానికి పనికొచ్చే బిల్లు వచ్చినప్పుడు కూడా కాదంటే సొంత ఓటరే నిలదీస్తాడు. అన్నిటికీ మద్దతివ్వడం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. అప్పుడిక ప్రతిపక్షం లేనట్టే.

నా మొగ్గు అంశాలవారీ ఓటు వైపే. అయితే ఒక షరతు ఉంది: కారణం ఓటింగ్‌కు ముందే చెప్పాలి, విప్ (ఎటు ఓటేయాలో సభ్యులకు పార్టీ ఇచ్చే ఆదేశం) ఇవ్వాలి. 2025 ఏప్రిల్‌లో వక్ఫ్ బిల్లును బీజేడీ మొదట వ్యతిరేకించింది. తీరా రాజ్యసభలో ఓటింగ్ వేళకు సభ్యుల మనస్సాక్షికి వదిలేసింది. 128-95తో బిల్లు నెగ్గింది. బీజేడీ ఏడుగురూ ఎటు వేసినా ఫలితం మారేది కాదు. కానీ పార్టీ వైఖరి ఏమిటో కార్యకర్తలకే తెలియకుండా పోయింది, సొంత నాయకులే బయటకొచ్చి ప్రశ్నించారు.

ఒక్క మినహాయింపు ఒప్పుకుంటాను. 2025 సెప్టెంబర్‌లో ఉపరాష్ట్రపతి ఎన్నికకు బీఆర్‌ఎస్ దూరంగా ఉంది, రైతులకు యూరియా అందకపోవడాన్ని కారణంగా చూపింది. అది రహస్య ఓటింగ్, విప్ చెల్లదు. ఎవరికి వేశారో బయటకు తెలియని చోట, రాకపోవడం ఒక్కటే జనానికి కనిపించే వైఖరి.