గోళీనా, సూదా: జ్వరానికి ఏది మేలు?

మూసాపేటలో మా మెడికల్ షాపు ముందు వానాకాలమంతా వినబడే మాట ఒకటుంది: "అన్నా, గోళీతో ఏమైతది? సూది ఏపించుకుంటె జల్ది తగ్గుతది గదా?" నా జవాబు ముందే చెప్పేస్తాను. వాంతులు లేకుండా మింగగలిగితే, మామూలు జ్వరానికి గోళీయే మేలు.

గోళీ పొట్టలో కరుగుతుంది. మందు చిన్నపేగు గోడల్లోంచి రక్తంలో కలుస్తుంది. ఆ రక్తం నేరుగా ఒళ్లంతా తిరగదు, ముందు లివర్‌కు పోతుంది. ఔటర్ రింగు రోడ్డు మీద టోల్‌గేటు లాగ లివర్ అక్కడ కొంత మందును పట్టేసుకుంటుంది. ఎంత పట్టుకుంటుందన్నది మందును బట్టి ఉంటుంది. పారాసిటమాల్‌లో ఎక్కువ భాగం దాటిపోతుంది. నొప్పులకు వాడే డైక్లోఫెనాక్‌లో దాదాపు సగం అక్కడే పోతుంది. గుండెనొప్పికి ఇచ్చే నైట్రోగ్లిజరిన్‌నైతే మింగితే దాదాపు మొత్తం ఆగిపోతుంది, అందుకే దాన్ని నాలుక కింద పెట్టుకోమంటారు. నాలుక కింది రక్తనాళాలు లివర్‌ను తప్పించి మందును గుండె వైపు తీసుకుపోతాయి, రెండు మూడు నిమిషాల్లో పని మొదలవుతుంది. కంగారులో దాన్ని నీళ్లతో మింగేసేవాళ్లను చూశాను. ఇంట్లో గుండె జబ్బు మనిషి ఉంటే ఈ ఒక్క సంగతి అందరికీ తెలిసి ఉండాలి.

సూదికి ఈ టోల్‌గేటు లేదు. రక్తనాళంలోకి ఎక్కిస్తే వెంటనే రక్తంలో ఉంటుంది. కండకు వేస్తే మాత్రం అక్కడి నుంచీ మెల్లగానే పీల్చుకోవాలి. పారాసిటమాల్ గోళీ అరగంట నుంచి గంటలో పని చూపిస్తుంది. అంటే జ్వరానికి సూదితో మనకు కలిసొచ్చేది మహా అయితే అరగంట.

ఆ అరగంట కోసం ఏం పణంగా పెడుతున్నామో కూడా చూడాలి. పదేళ్ల కిందట మా బాబాయికి గల్లీలో ఒక క్లినిక్‌లో జ్వరానికే పిరుదు మీద సూది వేశారు. తుంటి నరానికి తగిలింది. పాదం పైకి లేవక ఏడాది పాటు చెప్పు జారిపోతూ నడిచాడు. ఆ నడక గుర్తొస్తే ఇప్పటికీ బాధగానే ఉంటుంది. వాడిన సూదే మళ్లీ వాడితే హెపటైటిస్ బి, సి అంటుకునే ప్రమాదం వేరే.

ఇన్సులిన్ సంగతి వేరు. అది ప్రొటీన్, మింగితే అన్నంలోని పప్పులాగే అరిగిపోతుంది. జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ పేగుల్లోంచి రక్తంలోకి దాదాపు పోనే పోదు. వాంతులు ఆగనివాళ్లకు, స్పృహ లేనివాళ్లకు, ఇన్‌ఫెక్షన్ ముదిరినవాళ్లకు సూదే దారి. అక్కడ గోళీ కోసం పట్టుబట్టడం తప్పు.

"సెలైన్ ఎక్కిస్తే బలమొస్తది" అన్నది ఇంకో నమ్మకం. 5 శాతం గ్లూకోజ్ ఉన్న 500 మిల్లీలీటర్ల బాటిల్‌లో ఉండేది 25 గ్రాముల గ్లూకోజ్, అయిదారు చెంచాల చక్కెరంత. తాగగలిగేవాళ్లకు ఇంట్లో గంజి అంతకంటే నయం.

లోపలికి వెళ్లే దారులు ఎన్నైనా, బయటికి పోయే దారి మారదు. లివర్ మందును మారుస్తుంది, కిడ్నీలు మూత్రంలో వదిలేస్తాయి. పారాసిటమాల్ రెండు మూడు గంటలకోసారి రక్తంలో సగానికి పడిపోతుంది, గోళీగా వెళ్లినా సూదిగా వెళ్లినా. పొద్దున వేయించుకున్న సూది రాత్రికి పనిచేయలేదని ఇంకో డాక్టరు దగ్గరికి పరుగెత్తేవాళ్లున్నారు. మందు చెడ్డది కాదు, అప్పటికి ఒంట్లోంచి వెళ్లిపోయింది, అంతే. అదే కిడ్నీలు దెబ్బతిన్న పెద్దవాళ్లలో కొన్ని మందులు పోవాల్సిన వేళకు పోవు. మరుసటి డోసు పాత దాని మీద పేరుకుంటుంది. అలాంటివాళ్లు ఇంట్లో ఉంటే గోళీ అయినా సూది అయినా, చీటీ రాసే డాక్టరుకు క్రియాటినిన్ రిపోర్టు (కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్ష) ముందే చూపించండి. మా కౌంటర్లో అడిగేసరికి ఆ రిపోర్టు ఎప్పుడూ ఇంటి దగ్గరే ఉంటుంది.