పిక్ మీద అంకె, పిక్ అంచు: కొన్నేళ్ల వాడకం తర్వాత

గిటార్ సౌండు నచ్చకపోతే మనవాళ్లు ముందు స్ట్రింగ్స్ మారుస్తారు. అప్పటికీ మనసు ఒప్పుకోకపోతే గిటార్‌నే మార్చే ఆలోచనలో పడతారు. వేళ్ల మధ్య పట్టుకుని తీగలు మీటే ఆ చిన్న ప్లాస్టిక్ ముక్క, అదే పిక్, దాని జోలికి మాత్రం పోరు. గిటార్ కొన్నప్పుడు కవర్లో ఉచితంగా వచ్చిన పిక్‌తోనే ఏళ్లు గడిపేసేవాళ్లు నాకు చాలామంది తెలుసు. కానీ తీగను మొదట తాకేది అదే. తీగలోంచి ఎంత గలగల, ఎంత బరువు బయటికి రావాలన్నది చాలావరకు అక్కడే తేలిపోతుంది.

నేను సికింద్రాబాద్‌లో ఒక చర్చి క్వాయర్‌లో ఆదివారాలు అకూస్టిక్ గిటార్ వాయిస్తాను. మధ్యమధ్యలో పెళ్లి సంగీత్‌లు, రిసెప్షన్లు, ఎప్పుడైనా బంజారాహిల్స్ లామకాన్‌లో ఓపెన్ మైక్. అకూస్టిక్‌కి వేసేది 12 గేజి (అన్నిటికంటే సన్న తీగ మందం అంగుళంలో వెయ్యింట 12 వంతులు) స్టీలు తీగల సెట్టు. ఇంట్లో ఒక ఎలక్ట్రిక్ కూడా ఉంది. కింద రాసిందంతా ఈ రెంటి మీదా వాడి చూసిందే.

అన్నిటికంటే ఎక్కువ కాలం నా జేబులో ఉన్న పిక్ డన్‌లప్ కంపెనీ టార్టెక్స్. 1981లో మార్కెట్లోకి వచ్చింది. పేరులోనే తాబేలు (ఇంగ్లీషులో టార్టాయిస్) ఉంది. ఒకప్పుడు మంచి పిక్‌లంటే సముద్రపు తాబేలు చిప్పతో చేసినవే. 1970ల్లో ఆ చిప్ప అంతర్జాతీయ వ్యాపారాన్ని నిషేధించారు. దానికి బదులుగా డెల్రిన్ అనే ప్లాస్టిక్‌తో చేసింది ఇది. వేళ్లకు నునుపుగా తగలదు, సన్నటి పొడి అంటుకున్నట్టు ఉంటుంది. మందాన్ని రంగుతో గుర్తుపట్టొచ్చు: ఎరుపు 0.50 మిల్లీమీటర్లు, ఆరెంజి 0.60, పసుపు 0.73, ఆకుపచ్చ 0.88, నీలం 1.0, ఊదా 1.14.

కొత్తగా నేర్చుకునేవాళ్లకు సన్న పిక్ ఇవ్వడం మాష్టార్ల అలవాటు. అందులో తప్పేం లేదు. తీగ దగ్గర పిక్కే వంగిపోతుంది కాబట్టి చెయ్యి ఎంత మోటుగా పడినా కార్డు (కలిసి మోగే స్వరాల గుంపు) మొత్తం ఒకే మట్టంలో పలుకుతుంది. చిక్కు ఎక్కడొస్తుందంటే, వంగిన ప్లాస్టిక్ తీగను వదిలి మళ్లీ నిటారుగా అయ్యేటప్పుడు టప్ మంటుంది. ఇంట్లో ఒక్కళ్లమే వాయించుకుంటే ఆ చప్పుడు తాళం వేసినట్టు బాగానే ఉంటుంది. గిటార్‌ని స్పీకర్లకు కలిపాక అది వేరే సంగతి. మన దగ్గర దొరికే ప్లగ్‌ఇన్ అకూస్టిక్‌లలో చాలావాటికి శాడిల్ (తీగలు ఆనుకునే సన్న పట్టీ) కింద పీజో పికప్, అంటే తీగల అదురును కరెంటుగా మార్చే పరికరం, ఉంటుంది. తీగ మోత కంటే ముందు తీగకు తగిలిన దెబ్బను పట్టుకోవడం దాని స్వభావం. మా క్వాయర్‌లో మిక్సర్ చూసుకునే తమ్ముడు ఒక ఆదివారం ప్రాక్టీసులో హెడ్‌ఫోన్ తీసి, "అన్నా, నీ గిటార్ల తీగల కన్నా టప్‌టప్ సప్పుడే ఎక్కువొస్తంది" అన్నాడు. ట్రెబుల్ తగ్గించి చూశాం. చప్పుడు తగ్గింది, దాంతోపాటు కార్డులు కూడా కంబళి కింద పడ్డట్టు అయిపోయాయి. ఆరెంజి 0.60 పక్కన పెట్టి ఆకుపచ్చ 0.88 తీశాక ట్రెబుల్‌ని మళ్లీ మామూలు చోటుకి తెచ్చుకున్నాం. తర్వాతి వారం కీబోర్డు వాయించే అబ్బాయి, "స్ట్రింగ్స్ మార్చినవా అన్నా?" అని అడిగాడు.

మందం పెరిగితే జరిగేది ఇదీ: పిక్ వంగదు, కాబట్టి తీగే పక్కకు జరిగి ఒక్కసారిగా జారుతుంది. మూల స్వరం బలంగా వస్తుంది, బాస్ తీగలు నిండుగా మోగుతాయి. ఇక్కడిదాకా అందరూ చెప్పేదే. దుకాణాల్లో, వీడియోల్లో మాట ఈ మందం దగ్గరే ఆగిపోతుంది. నాకు పేచీ కూడా అక్కడే.

ఒకే మందం ఉన్న రెండు పిక్‌లు తీసుకోండి, ఒకటి మొన కోసుగా ఉన్నది, ఒకటి మొద్దుగా ఉన్నది. తేడా చెవిటివాడికి కూడా తెలుస్తుంది. కోసు మొన తీగను తాకే చోటు చాలా చిన్నది. వదిలే క్షణంలో తీగ పదునైన కోణంలో వంగి ఉంటుంది, ఆ పదునులోంచే పైస్థాయి హార్మోనిక్స్ (మూల స్వరంతోపాటు దానిపైన సన్నగా మోగే స్వరాలు) పుడతాయి. మొద్దు మొన అదే వంపును గుండ్రం చేసేస్తుంది. గుండ్రటి వంపులో పైస్థాయి హార్మోనిక్స్‌కి బలం ఉండదు, అందుకే సౌండు మెత్తగా, కాస్త చీకటిగా వస్తుంది. మందం 0.73 నుంచి 0.88కి పెరిగినప్పుడు వినిపించే మార్పు కంటే, మొన ఆకారం మారినప్పుడు వినిపించే మార్పే నాకు పెద్దదిగా తోస్తుంది.

నమ్మకం కుదరకపోతే ఇంట్లోనే చూడొచ్చు. పాత ఏటీఎం కార్డును కత్తెరతో కోసి పిక్ చేసుకోని గిటారిస్టు మన ఊళ్లో ఉండడు. బ్యాంకు కార్డులన్నీ ఒకే అంతర్జాతీయ కొలతలో తయారవుతాయి, మందం 0.76 మిల్లీమీటర్లు. అంటే పసుపు టార్టెక్స్‌కి దాదాపు సమానం. అంకె ప్రకారం రెండూ ఒకేలా మోగాలి. మోగవు. కత్తెర కోసిన అంచు గరుకుగా ఉంటుంది, తీగ మీద ఖరఖర గీరుతుంది. నాలుగు పాటలయ్యేసరికి మొన దగ్గర కార్డు పొరలు విచ్చుకోవడం మొదలవుతుంది. అదే కార్డు పిక్‌ని 600 నంబరు గరుకు కాగితం మీద, తర్వాత 1000 మీద నెమ్మదిగా రుద్ది, చివర జీన్స్ ప్యాంటు మీద పాలిష్ పట్టించండి. ఖరఖర పోతుంది, సౌండు పసుపు టార్టెక్స్‌కి బాగా దగ్గరికొస్తుంది. పొరలు మాత్రం ఆగవు, అది కార్డు రాత.

అరుగుదల గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. నిజానికి ఎక్కువ కాలం వాడితే తెలిసేది అదొక్కటే. 12 గేజి సెట్టులో బాస్ వైపు నాలుగు తీగలకు కంచు తీగ చుట్టి ఉంటుంది. ఆ చుట్ల మీద పిక్ ప్రతి దెబ్బకీ ఆకురాయి మీద నడిచినట్టే. స్ట్రమ్మింగ్ (తీగలన్నిటి మీదా ఒకేసారి చెయ్యి ఆడించడం) ఎక్కువ చేసే పిక్‌ని వెలుతురుకి ఎదురుగా పట్టుకుని చూడండి. మొనకు ఒక పక్క మాత్రమే ఏటవాలుగా కోసుకుపోయి ఉంటుంది, కిందికి కొట్టేటప్పుడు చెయ్యి ఎటు వాలుతుందో అటు. ఆ వాలు మీద బొటనవేలి గోరు జరిపితే సన్నటి గాట్లు టకటకా తగులుతాయి. ఆ గాట్లే మైకులో జర్‌ర్ మంటాయి. స్ట్రింగ్స్ పాతబడ్డాయని మార్చేవాళ్లలో కొందరికి మార్చాల్సింది పిక్కే అనుకుంటాను.

సెల్యులాయిడ్ పిక్‌లు ఈ విషయంలో తొందరగా చేతులెత్తేస్తాయి. తాబేలు చిప్పకు బదులుగా గత శతాబ్దంలో ముందుగా వచ్చింది ఈ పదార్థమే. ముత్యపు మెరుపుతో, పాలరాతి గీతలతో చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. ఫెండర్ 351 ఆకారం ఇందులోనే పేరు తెచ్చుకుంది, ఇప్పుడు మామూలు పిక్ అంటే అందరికీ గుర్తొచ్చే గుండె ఆకారం అదే. కొత్త సెల్యులాయిడ్ పిక్ తెల్లవారుజామున అకూస్టిక్ మీద పలికే తీపి నాకు ఇంకే ప్లాస్టిక్‌లోనూ దొరకలేదు. కానీ ఒక సంగీత్ రాత్రి మొత్తం వాయిస్తే మొన గుండ్రమైపోయి వేరే పిక్ అయిపోతుంది. రికార్డింగుకి తీసుకెళ్తాను, స్టేజీకి తీసుకెళ్లను. ఇంకో చిరాకు, చాలావాటి మీద థిన్, మీడియం, హెవీ అని మాత్రమే రాసి ఉంటుంది. ఒక కంపెనీ మీడియం ఇంకో కంపెనీ మీడియంతో కలవదు.

నైలాన్ దీనికి పూర్తిగా ఎదురు. ఓ పట్టాన అరగదు. అదే 0.73 అయినా టార్టెక్స్ కంటే బాగా వంగుతుంది, సౌండు కూడా మెత్తన. పట్టు కోసం మీద ఉబ్బెత్తు గీతలుంటాయి కాబట్టి మే నెలలో చెమట పట్టినా వేళ్లలోంచి జారదు. కరెంటు పోయిన ఫంక్షన్ హాల్లో వాయించినవాళ్లకు ఆ విలువ తెలుస్తుంది. అయితే నైలాన్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, పీల్చుకున్నకొద్దీ మెత్తబడుతుంది. జులై, ఆగస్టుల్లో ముసురు పట్టినప్పుడు నా నైలాన్ 0.73 వేసవిలో కంటే వదులుగా అనిపిస్తుంది. ఆ రోజుల్లో 0.88 నైలాన్ వాడతాను, వేసవి 0.73 పట్టుకున్నట్టే ఉంటుంది. టార్టెక్స్‌తో ఈ గొడవ లేదు గానీ చెమట ధారగా కారితే అది కూడా జారుతుంది. దానికి ఆఫీసు పంచింగ్ మిషన్‌తో మధ్యలో ఒక చిల్లు పొడిచాను. వేలి చర్మం చిల్లులోకి దిగి పిక్ కదలదు. 0.73 దాకా పంచింగ్ మిషన్ తేలిగ్గా దిగుతుంది, 0.88కి గట్టిగా నొక్కాలి.

మామూలు గుండె ఆకారపు పిక్‌లో నిజానికి రెండు పిక్‌లున్నాయి. మొనను పక్కకు తిప్పి, పైనున్న గుండ్రటి భుజంతో వాయించి చూడండి. క్లిక్ పూర్తిగా పోతుంది, సౌండు లావవుతుంది. ప్రార్థన సమయంలో వెనక మెల్లగా కార్డులు మోగుతూ ఉండాలి, ఎవరి ధ్యానం గిటార్ మీదికి పోకూడదు. అప్పుడు నేను చేసేది ఇదే. పాట ఎత్తుకోగానే మళ్లీ మొనకు తిప్పుతాను. 6/8 నడకలో చెయ్యి ఆగకుండా ఆడే కీర్తనలకు పసుపు 0.73 మొన, నిదానంగా సాగేవాటికి ఆకుపచ్చ 0.88 భుజం. ప్రస్తుతం నాది ఈ లెక్క.

పిక్‌ని ఎలా పట్టుకున్నామన్నది కూడా సౌండులో భాగమే. తీగకు సమాంతరంగా పట్టుకుంటే దెబ్బ గట్టిగా, శుభ్రంగా పడుతుంది. కాస్త ఏటవాలుగా వంచితే అంచు తీగను కోసుకుంటూ జారుతుంది, వేగానికి అదే సుఖం, కంచు చుట్ల మీద మాత్రం గీత చప్పుడు వస్తుంది. బ్రిడ్జి (తీగలు గిటార్ ఒంటికి బిగించి ఉండే చోటు) దగ్గర మీటితే గరుకు, సౌండ్‌హోల్ దాటి మెడ వైపు వెళ్తే మెత్తన. కొత్త పిక్ కొనేముందు చేతిని రెండంగుళాలు జరిపి చూడటం మంచిది, డబ్బులు మిగలొచ్చు.

ఒక్కొక్క స్వరం మీటే పనికి, ముఖ్యంగా ఎలక్ట్రిక్ మీద, నేను ఎర్ర జాజ్ త్రీకి మారాను. ఇది కూడా డన్‌లప్‌దే. నైలానే అయినా 1.38 మిల్లీమీటర్ల మందం కాబట్టి వంగడమన్నది లేదు. చిన్నది, మొన కోసుగా ఉంటుంది. అమెరికన్ గిటారిస్టు ఎరిక్ జాన్సన్ లాంటివాళ్లు దీన్నే నమ్ముకున్నారు. మొదటి వారం వేళ్లలో ఉందో లేదో తెలియక అవస్థ పడ్డాను. చెయ్యి అలవాటయ్యాక తీగకూ నాకూ మధ్య ఏమీ లేనట్టు అనిపించింది. దీంతో స్ట్రమ్మింగ్ చెయ్యాలని చూడకండి, దాని పని అది కాదు. గమకాలకు మాత్రం భేషుగ్గా ఉంటుంది. ఒక్క మీటుతో నాలుగు స్వరాలు లాగాలంటే ఆ మీటులో బలం ఉండాలి, వంగే పిక్ ఆ బలాన్ని తానే తినేస్తుంది. పిక్‌తో గమకం పలకదని ఇప్పటికీ వాదించేవాళ్లున్నారు. పాలకొల్లులో పుట్టి, అయిదు తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద కచేరీలు చేసిన శ్రీనివాస్ గారిని వాళ్లు వినలేదనుకోవాలి.

అంచు మహిమకు పెద్ద సాక్షి బ్రయాన్ మే. బ్రిటిష్ రాక్ బృందం క్వీన్‌లో గిటారిస్టయిన ఆయన పిక్ వాడకుండా పాత బ్రిటిష్ సిక్స్‌పెన్స్ నాణెంతో వాయిస్తాడు. ఆ గరుకు అంచు తీగను తాకినప్పుడు వచ్చే గీర ఆయన సౌండులో కలిసిపోయింది. అది విని నేను కూడా 2011లో చెలామణీలోంచి తీసేసిన మన చారాణా బిళ్లతో ఎలక్ట్రిక్ మీద కాసేపు వాయించాను. స్టీలు మీద స్టీలు, మొరటు మోత. సరదాగానే ఉంది గానీ తీగల ప్రాణం తీసేలా ఉందని మానేశాను.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త. పేరున్న కంపెనీ ముద్ర వేసి నకిలీలు అమ్ముతున్నారు, నాకూ ఒక దుకాణంలో ఒక సెట్టు అంటగట్టారు. పొడిపొడిగా ఉండాల్సింది నున్నగా మెరుస్తూ ఉంది, అంచు చుట్టూ అచ్చులో పోసిన గీత చేతికి తగులుతోంది, మీద 0.88 అని ఉన్నా బొటనవేలితో నొక్కితే 0.60లా వంగింది. అసలుది విడిగా కొంటే రెండు మూడు ఇరానీ చాయ్‌ల ఖర్చు, కాబట్టి మొదటే పన్నెండు పిక్‌ల ప్యాకెట్ కొనొద్దు. 0.60, 0.73, 0.88, 1.14 ఒక్కోటి చొప్పున తెచ్చుకుని నెల్లాళ్లు వాడి, ఏది అరిగిందో చూసుకుని దాని ప్యాకెట్ తీసుకోండి. దుకాణంలో "ఆకుపచ్చది ఇవ్వండి" అంటే కుదరదు, ఆ రంగుల లెక్క టార్టెక్స్‌దే. వేరే కంపెనీ ఆకుపచ్చ ఎంత మందమైనా ఉండొచ్చు.