గోడ బొమ్మల కోసం పాంటియాక్ వెళ్ళొచ్చాం

మేము ఉండేది బెంగళూరులో, మారతహళ్ళి. మా అక్క వాళ్ళు చికాగో దగ్గర ఉంటారు. మొన్న వెళ్ళినప్పుడు అందరూ నయాగరా అంటుంటే నేను మాత్రం పాంటియాక్ చూడాల్సిందే అని కూర్చున్నా. ఎందుకంటే మా నాన్న హిందూపురంలో ముప్పై ఏళ్ళు షాపుల బోర్డులు రాశారు, ఫ్లెక్స్‌లు వచ్చాక ఆ పని పోయింది, అందుకే చేత్తో రాసిన గోడ ఎక్కడ కనిపించినా నేను ఆగిపోతా.

పాంటియాక్ ఇల్లినాయిస్‌లో చిన్న ఊరు, చికాగో నుంచి దాదాపు 160 కిలోమీటర్లు, మనకి మైసూరు కన్నా కాస్త ఎక్కువ. చికాగో నుంచి లాస్ ఏంజెలస్ వైపు పోయే పాత హైవే రూట్ 66, 1926లో మొదలైంది, ఈ ఊరి మీదుగానే పోయేది, తర్వాత పక్కన ఇంటర్‌స్టేట్ 55 అనే పెద్ద హైవే వేశారు, బండ్లన్నీ అటు మళ్ళాయి, 1985లో ఆ 66 నంబరే తీసేశారు. 2023లో మైసూరు ఎక్స్‌ప్రెస్‌వే వచ్చాక రామనగర, చన్నపట్న, మద్దూరు దారిలో హోటళ్ళు ఎలా బోసిపోయాయో చూసినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

అయితే ఈ ఊరు ఊరుకోలేదు. 2009లో వాల్‌డాగ్స్ అనే గోడ పెయింటర్ల బృందాన్ని పిలిపించుకుంది, వాళ్ళు నాలుగు రోజుల్లో 18 బొమ్మలు వేసేశారట! అన్నీ పాతకాలం ప్రకటనల స్టైల్లో, నడుస్తూ చూసేంత దగ్గర దగ్గరగా ఉన్నాయి, ఒకటిన్నర గంటలో అయిపోతుంది. అన్నిటికన్నా పెద్దది ఇక్కడి రూట్ 66 మ్యూజియం వెనక గోడ మీద రూట్ 66 షీల్డ్, అంటే ఆ హైవే నంబరు రాసే డాలు ఆకారం గుర్తు, ఫోటోకి అందరూ అక్కడే నిలబడతారు. నేను గోడకి జానెడు దూరం దాకా వెళ్ళి చూశా, ఇటుకల మధ్య సిమెంటు గీత గుంటగా ఉంటుంది కదా, ఆ గుంటలో కూడా అంచు తెగకుండా అక్షరం సాగింది. దూరం నుంచి అది తెలీదు.

మ్యూజియం పాత ఫైర్ స్టేషన్‌లో పెట్టారు, టికెట్ లేదు, తోచినంత డబ్బాలో వేయొచ్చు. రూట్ 66 బొమ్మలు గీస్తూ తిరిగిన బాబ్ వాల్డ్‌మైర్ ఫోక్స్‌వ్యాగన్ వ్యాన్ ఇక్కడే ఉంది, ఆయన ఇల్లుగా మార్చుకున్న స్కూల్ బస్సు కూడా. పిల్లలకి మాత్రం వెర్మిలియన్ నది మీద ఊగే వంతెనలే నచ్చాయి, వాటిలో పాతది 1898 నాటిది.

ఇక బస సంగతి. హైవే పక్కన ఒక మోటెల్‌లో దిగాం, రూమంతా సిగరెట్ వాసన, మార్చమంటే గంటకి పైగా కూర్చోబెట్టారు, పొద్దున టిఫిన్‌లో మా అమ్మ తినగలిగింది అరటిపండు ఒక్కటే. పులిహోర కలిపి తెచ్చుకున్నాం కాబట్టి సరిపోయింది. నా మాట వింటే రాత్రి ఉండొద్దు, పొద్దున్నే బయల్దేరి సాయంత్రానికి తిరిగొచ్చేయండి. కారు లేకపోతే చికాగో నుంచి ఆమ్‌ట్రాక్ రైలు ఇక్కడ ఆగుతుంది.

షీల్డ్ ఫోటో నాన్నకి వాట్సాప్‌లో పంపా. కాసేపటికి ఫోన్ చేసి, "సందుల్లో కూడా రంగు నిండుగా పడింది రా, పెద్ద బ్రష్షుతో కొట్టాక మళ్ళీ సన్న బ్రష్షు తిప్పుంటారు" అన్నారు. మిగతా గోడలవి కూడా పంపమన్నారు.