మెదడు, వెన్నెముక మోడళ్లు: ఏడేళ్ల వాడకం తర్వాత నా సమీక్ష

విశాఖపట్నంలో నర్సింగ్ విద్యార్థినులకు శరీర నిర్మాణశాస్త్రం బోధిస్తున్నాను. 2018 జూన్‌లో కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) దగ్గర వైద్య పరికరాలు అమ్మే ఒక దుకాణంలో సొంత డబ్బుతో రెండు మోడళ్లు కొన్నాను. ఒకటి ఎనిమిది ముక్కలుగా విడిపోయే మెదడు. రెండోది కటి ఎముకతో సహా స్టాండుకు వేలాడే అసలు సైజు వెన్నెముక. రెండింటికీ కలిపి ఎనిమిది వేల రూపాయల లోపే అయింది. ఏటా నాడీమండలం పాఠం వచ్చినప్పుడల్లా ఇవి వందల చేతులు మారాయి కాబట్టి, వీటిలో ఏది ఉన్నది ఉన్నట్టు చూపిందో, ఏది తప్పు నేర్పిందో ఇప్పుడు నమ్మకంగా చెప్పగలను.

మెదడు మోడల్‌పై నాకు మంచి అభిప్రాయమే ఉంది. మధ్యకు విడదీస్తే రెండు అర్ధగోళాలను కలిపే కార్పస్ కల్లోజం తెల్లని విల్లులా కనిపిస్తుంది. దాని కింద థలామస్, ఇంకా కింద హైపోథలామస్, వెనుక వైపు అనుమస్తిష్కం (చిన్న మెదడు), దాని ముందు నుంచి కిందికి దిగి వెన్నుపాములో కలిసే మజ్జాముఖం అన్నీ ఉండవలసిన చోటే ఉన్నాయి. అనుమస్తిష్కాన్ని నిలువునా కోసిన తలం మీద చెట్టు కొమ్మల్లా చీలిన తెల్ల పదార్థాన్ని ఎంతో శ్రద్ధగా గీశారు. మెదడు బరువులో పదో వంతు మాత్రమే ఉండే ఈ భాగంలోనే మెదడులోని మొత్తం నాడీకణాల్లో సుమారు 80 శాతం ఉన్నాయని చెప్పి ఆ ముక్కను చేతికిస్తే, అంతవరకూ పెద్ద ముక్కల కోసం పోటీపడిన అమ్మాయిలు దాన్ని మరోసారి తిప్పి చూస్తారు.

ఒక్కో లోబ్‌కు, అంటే మెదడులోని ఒక్కో పెద్ద విభాగానికి, ఒక్కో రంగు వేయడం మొదటి రోజు పాఠానికి బాగా పనికొస్తుంది. రెండో వారానికి అదే అడ్డు అవుతుంది. రంగు మారిన చోట గోడ ఉందనీ, చూపు పని వెనుక గదిలోనూ ఆలోచన ముందు గదిలోనూ ముగిసిపోతాయనీ పిల్లలు అనుకుంటారు. అందుకే మోడల్ చూపించిన మరునాడే రంగులు లేని ఫోటోలు చూపించడం అలవాటు చేసుకున్నాను. అయితే స్థానం తెలియడం వల్ల కలిగే మేలును తక్కువగా చూడలేను. మూడేళ్ల కిందట ఒక అమ్మాయి పాఠం అయ్యాక ఆగి, "మా నాయనమ్మకి పక్షవాతం వచ్చింది మేడం. మనం చెప్పేవన్నీ అర్థమవుతాయి, మాటే నోట్లోంచి రాదు" అంది. ఎడమ అర్ధగోళాన్ని ఆమె చేతిలో పెట్టి, నుదుటి వెనుక ఉండే ఫ్రంటల్ లోబ్ కింది అంచున బ్రోకా ప్రాంతం మీద ఆమె వేలు ఉంచాను. 1861లో పాల్ బ్రోకా అనే ఫ్రెంచి వైద్యుడు, "టాన్" అన్న ఒక్క మాట తప్ప మరేమీ పలకలేకపోయిన రోగి మెదడులో దెబ్బతిన్నట్టు గుర్తించిన చోటు అదే. ఆ అమ్మాయి చాలాసేపు వేలు తీయలేదు.

ఈ మోడల్ చూపలేనివి బరువు, మెత్తదనం. అసలు మెదడు పెద్దవారిలో 1,300 నుంచి 1,400 గ్రాముల వరకు తూగుతుంది. ఫార్మలిన్‌లో నిల్వ చేయని మెదడు జున్నులా మెత్తగా ఉంటుంది. బోలుగా ఉన్న పీవీసీ ముక్కలు చేతికి ఈ సంగతి చెప్పవు. నేను ప్లాస్టిక్ సంచిలో దాదాపు లీటరున్నర నీళ్లు పోసి, గాలి లేకుండా మూతి కట్టి, ముందు అరచేతిలో పెట్టి మోయిస్తాను. తర్వాత అదే సంచిని నీళ్ల బకెట్‌లో దించమంటాను. బరువు ఒక్కసారిగా మాయమవుతుంది. మెదడు, వెన్నుపాముల చుట్టూ ఉండే మస్తిష్కమేరు ద్రవంలో తేలుతున్న మెదడు యాభై గ్రాముల బరువున్నట్టే ఉంటుందని, ఆ తేలికదనమే లేకపోతే అంత మెత్తని అవయవం తన బరువుకు తానే అడుగున నలిగిపోతుందని అప్పుడు వివరంగా చెప్పనవసరం ఉండదు. ఆ ద్రవం ఒక వేళకు ఉండేది సుమారు 150 మిల్లీలీటర్లే అయినా, రోజుకు అర లీటరు దాకా కొత్తగా ఊరుతూ, పాతది రక్తంలోకి పోతూ ఉంటుంది.

మజ్జాముఖం ముందు భాగంలో రెండు సన్నని గట్లున్నాయి కానీ, వాటి కింది కొసన కదలికలను నడిపే తంతువుల్లో అధిక భాగం ఎదుటి పక్కకు దాటుతాయన్న సంగతి మోడల్‌లో ఎక్కడా కనిపించదు. ఎర్ర దారం, ఆకుపచ్చ దారం ఫెవికాల్‌తో అతికించి ఆ దాటును నేనే చూపించుకున్నాను. మెదడు ఎడమ వైపు రక్తనాళం మూసుకుపోతే కుడి చెయ్యి, కుడి కాలు ఎందుకు పడిపోతాయో చెప్పడానికి ఆ రెండు దారాలే చాలు.

ఇక వెన్నెముక. పూసలు చక్కగా వంగుతాయి. నడుము నాలుగో, ఐదో పూసల మధ్య పక్కకు జారిన డిస్క్‌ను ఎర్రగా చూపించారు. అది నాడి మూలాన్ని ఎలా నొక్కుతుందో చూస్తే నడుము నొప్పి కాలిలోకి ఎందుకు పాకుతుందో వెంటనే తెలుస్తుంది. కానీ ఈ మోడల్‌లో ఒక పెద్ద తప్పు ఉంది, దాన్ని గుర్తించడానికి నాకు మూడో ఏడు వచ్చింది. ఆసుపత్రి శిక్షణ నుంచి తిరిగొచ్చిన ఒక విద్యార్థిని, "నడుములో మత్తు సూది గుచ్చితే వెన్నుపాముకు తగలదా మేడం? సిజేరియన్‌కు వచ్చినావిడ అడిగితే నాకు జవాబు రాలేదు" అని మోడల్‌ను చూపించింది. వెన్నుపాముగా పెట్టిన పసుపుపచ్చని గొట్టం మెడ నుంచి త్రికాస్థి (నడుము పూసల కింది ఎముక) దాకా ఒకే లావున దిగి ఉంది. పెద్దవారిలో వెన్నుపాము నడుము మొదటి, రెండో పూసల దగ్గరే ముగుస్తుందని నేను ప్రతి ఏడూ నోటితో చెబుతూనే ఉన్నాను. వాళ్ల కళ్లు మాత్రం మోడల్‌నే నమ్మాయి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు గొట్టం పైకి లాగి, పై నుంచి 20వ పూస, అంటే నడుము మొదటి పూస, దాటాక కాస్త కిందికి గుర్తు పెట్టి కోశాను. కొసను బ్లేడుతో కోసుగా చెక్కాను. పూలు కట్టే తెల్ల దారం పసుపు నీళ్లలో ముంచి ఆరబెట్టి ఇరవై పోగులు కట్టాను. మొత్తం 31 జతల వెన్ను నాడుల్లో నడుము రెండో పూస నుంచి కిందికి బయటకు పోయేవి పది జతలు కాబట్టి ఇరవై. మధ్యలో కొస నుంచి అనుత్రికం (వెన్నెముక చివరి ఎముక) వరకు వెన్నుపాముకు లంగరులా ఉండే తంతువు కోసం సన్నని పట్టు దారం వేశాను. గుర్రపు తోక అని ఆ భాగానికి ఎందుకు పేరొచ్చిందో ఇప్పుడు ఎవరూ అడగరు. గర్భంలో మూడో నెలలో వెన్నుపాము వెన్నెముకలోని కాలువ పొడవునా నిండి ఉంటుందనీ, ఆపైన ఎముక వేగంగా పెరగడం వల్ల వెన్నుపాము వెనకబడి, పుట్టేనాటికి దాని కొస సుమారు మూడో నడుము పూస దగ్గర, పెద్దయ్యాక అంతకన్నా పైన మిగులుతుందనీ గొట్టాన్ని పైకీ కిందికీ జరిపి చూపిస్తాను.

కటి ఎముక ఉన్న మోడల్ కొన్నందుకు ఇక్కడే సంతోషించాను. రెండు వైపులా కటి ఎముకల పై అంచులను కలిపే గీత నాలుగో నడుము పూస దగ్గరికి వస్తుంది. విద్యార్థినులు ముందు మోడల్ మీద, తర్వాత ఒకరి నడుము మీద ఒకరు ఆ గీతను వేళ్లతో పట్టుకుంటారు. ఆ తర్వాత స్వెటర్ అల్లే సూదిని మూడో, నాలుగో పూసల మధ్య నుంచి లోపలికి పోనిస్తే దారాలు పక్కకు ఒరిగి దారి ఇస్తాయి. శరీరంలోనూ ద్రవంలో తేలే నాడి మూలాలు అలాగే తప్పుకుంటాయి. "నడుములో సూది గుచ్చితే కాళ్లు పడిపోతాయట" అని భయపడే గర్భిణికి ఆ అమ్మాయి ఇప్పుడు ధైర్యం చెప్పగలదు.

చిన్న లోపాలు మరికొన్ని ఉన్నాయి. ప్రతి నాడినీ ఒకే ముక్కగా పెట్టారు కాబట్టి, వెనుక మూలం స్పర్శను లోపలికి తెస్తుందనీ, ముందు మూలం ఆజ్ఞను కండరానికి తీసుకెళ్తుందనీ బోర్డు మీద బొమ్మ గీయక తప్పదు. వేడి పెనం తగిలిన చెయ్యి మంట తెలియక ముందే వెనక్కి రావడం చెప్పాలంటే ఆ బొమ్మే దిక్కు. సముద్రపు గాలికి స్టాండు రెండో ఏడాదికే తుప్పు పట్టింది. మెదడు ముక్కలను కలిపే ఇనుప పిన్నుల బదులు ఇత్తడివి వేయించాను, అవి ఇంకా బాగున్నాయి.

మెదడు మోడల్‌ను ఎవరికైనా నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. వెన్నెముకను మాత్రం దుకాణంలోనే దింపించి, పై నుంచి ఇరవై పూసలు లెక్కపెట్టి, వెన్నుపాము అక్కడ ఆగిందో లేదో చూశాకే డబ్బు చెల్లించండి. ఆగకపోయినా కటి ఎముక ఉంటే తీసుకోవచ్చు. పసుపు దారాలు ఏడాదికోసారి వెలిసిపోతాయి, వేసవి సెలవుల్లో మార్చుకుంటే జూన్ పాఠానికి సిద్ధంగా ఉంటాయి.